కోడిగుడ్డు ఫ్రేములో చిన్నమ్మ

తెలియని విషయం ఏదైనా ఎదురైతే అది తేలేదాకా నాకు అన్నం సయించదు. మా అమ్మ దీన్ని రోగం అంటుంది. సిద్దిపేటలో నాకొక చిన్న డిజైనింగ్ షాపు ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, పుట్టినరోజు బ్యానర్లు, ఎవరైనా చనిపోతే పదకొండో రోజుకు పంచే దినాల కార్డులు చేస్తాను. వచ్చినవాళ్లను నేను అడిగే ప్రశ్నలకు సగం మంది విసుక్కుంటారు. పెళ్లికొడుకు మేనమామ పేరు ఎందుకు లేదో నీకెందుకమ్మా అని ఒకాయన మొహం మీదే అన్నాడు. పేరు ఉండాల్సిన చోట లేకపోతే అడగకుండా ఎలా ఉంటాను?

అలాంటి నా దగ్గరికి పోయిన వానాకాలం ఒక టీచరమ్మ వచ్చి హాకీ కార్డులు చేసిస్తావా అని అడిగింది. ఒకప్పుడు ఇక్కడి డిగ్రీ కాలేజీ ఆడపిల్లల హాకీ టీముకు ఆమె కెప్టెనట. దసరా తర్వాత పాత టీమంతా కాలేజీ గ్రౌండులో కలుస్తున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఇవ్వాలని ఆమె కోరిక. ఫోనులో విదేశాల పాత కార్డులు చూపించింది. పేకముక్కంత అట్టలు, ముందువైపు రంగులద్దిన ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతను ఎక్కడెక్కడ ఏమేం ఆడాడో నాలుగు ముక్కలు. రంగులు వెలిసిపోయి, మూలలు అరిగిపోయి ఉన్నాయి.

"గిట్ల పాతగ ఉండాలె. కొత్తగ మెరిస్తే నాకొద్దు," అంది మేడం.

చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు నేనూ దాచుకున్నాను. అందరూ మగవాళ్లే, అందరూ ఎక్కడో దూరంలో ఉండేవాళ్లే. మన ఊరి కాలేజీలో చదివి, ఇప్పుడు బడుల్లో, పొలాల్లో, ఆఫీసుల్లో పని చేసుకుంటున్న ఆడవాళ్లకు కార్డులంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఏ బట్టలు వేసుకుని ఆడేవాళ్లు? చూడటానికి ఎవరొచ్చేవాళ్లు? ఇంట్లో ఏమనేవాళ్లు? మేడం అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పింది. ఎంతైనా టీచరు కదా.

తర్వాత సంచిలోంచి టీము ఫొటో తీసింది. కర్రలు పట్టుకుని వరసగా నిలబడ్డ అమ్మాయిలు, వాళ్ల ముందు కాళ్లకు లావుపాటి ప్యాడ్లు కట్టుకుని గొంతుక్కూర్చున్న ఒకమ్మాయి.

"గీమె మా గోల్‌కీపర్. అందరి నంబర్లు దొరికినయి, గీమెదే దొరుకుతలేదు. పెండ్లయినంక ఎటు పోయిందో ఎవ్వలకు తెల్వదు," అంది.

ఫొటోను స్కాన్ చేసి, గీతలు చెరపడానికి ఆ మొహాన్ని పెద్దది చేశాను. ఆ చెవులు, నవ్వు వస్తే పెదవులు బిగించి ఆపుకునే ఆ తీరు నాకు బాగా తెలిసినవే. ఆమె మా చిన్నమ్మ, మా అమ్మకు సొంత చెల్లెలు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే మరి. నంబరు నా ఫోనులోనే ఉందని చెప్పేసరికి మేడం కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

చిన్నమ్మది నంగునూరు. మక్కలు, కూరగాయలు వేస్తారు. మా ఇంటికి వస్తే సంచి నిండా బీరకాయలు తెస్తుంది, బస్సుకు టైమైందని వెంటనే లేస్తుంది. ఆమె ఎప్పుడైనా పరుగెత్తిందని కూడా నేను అనుకోలేదు. కుడిచేతి చిటికెన వేలు మాత్రం మధ్య కణుపు దగ్గర బయటికి వంగి ఉంటుంది. చిన్నప్పుడు తలుపు సందులో పడిందని మాకందరికీ తెలుసు. తెలుసని అనుకున్నాం.

సాయంత్రం మా అమ్మను పట్టుకున్నాను. మొదట వినబడనట్టు నటించింది, తర్వాత చెప్పింది.

"హాకీ ఆడంగ బాల్ తాకి ఇరిగిందే. సంబంధం ఖాయమైతున్నప్పుడు ఆటలు గీటలంటే అటోల్లు ఏమనుకుంటరో అని మా అవ్వ భయపడ్డది. తలుపుల పడ్డదని చెప్పింది. మల్ల ఎవ్వలం గా ముచ్చట ఎత్తలే."

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు. మా అమ్మమ్మ పొదుపరి, ఒక్కదానితో సరిపెట్టింది. అమ్మమ్మ పోయింది గానీ, ఆ ఒక్కటి మాత్రం చిన్నమ్మ వెంట అత్తగారింటికి పోయి అక్కడే ఉండిపోయింది.

ఆదివారం షాపు మూసి నంగునూరు వెళ్లాను. చిన్నమ్మ మక్కచేనులో కలుపు తీస్తోంది. సంగతి చెప్పగానే, "నాకెందుకు బిడ్డా గయన్ని, పో," అని మొహం తిప్పుకుంది. నేను కదల్లేదు. కాసేపటికి చేతులు చీరకు తుడుచుకుని గట్టు మీద కూర్చుంది.

"ఏదీ, ఫొటో సూపియ్యి."

ఆమె ఆ ఫొటోను చూసినంతసేపు నేను నోరు మూసుకుని ఉన్నాను. నాకది చిన్న సంగతి కాదు. తర్వాత ఆమె మాటలకు అడ్డు లేకుండా పోయింది. ప్యాడ్లు మగపిల్లల టీమువట, తొడల దాకా వచ్చి నడుస్తుంటే దబదబా కొట్టుకునేవట. గ్లవ్స్ కూడా వాళ్లవే, కుడిచేతిదానికి చివర చిరిగి చిటికెన వేలు బయటికి కనబడేదట.

"గోల్‌ల నిలబడితె అందరి ఈపులే కనబడుతయి బిడ్డా. ఎవల ఈపు ఎట్లుంటదో ఇప్పటికి యాదికున్నది. మొకాలే మర్శిపోయిన," అని నవ్వింది.

"ఎన్ని గోల్స్ ఆపినవ్ చిన్నమ్మా? కార్డు ఎనక రాయాలె."

"ఆపినయి యాదిల లేవు. పోయినయి అడుగు, ఒక్కొక్కటి చెప్త."

అన్నట్టే చెప్పింది. ఏది ఏ పక్కనుంచి వచ్చిందో, తను ఏ కాలు ఆలస్యంగా కదిపిందో చెప్తుంటే, నిన్న సాయంత్రం ఆడి వచ్చిన మనిషిలాగే ఉంది. వేలి సంగతి అడిగితే మాత్రం, "బాల్ తాకింది, గంతే," అని చెయ్యి కొంగు కింద పెట్టుకుంది.

లేవబోతూ నా మోచెయ్యి పట్టుకుంది. "మా అత్తమ్మకు, మీ చిన్నాయనకు తెల్వద్దు. గిన్నేండ్ల సంది తలుపు తలుపు అనుకుంట వచ్చిన. అబద్ధమని ఇప్పుడు తెలిస్తే, ఇంకేమేం దాసిందో అంటరు. గా ఇంట్ల నా మాటంటె మాటనే బిడ్డా. గదొక్కటే నేను సంపాయించుకున్నది. గది పోవద్దు."

గ్రౌండుకు వస్తావా అంటే తల అడ్డంగా ఊపింది. "కార్డు మాత్రం నాకొకటి చెయ్యి. బీరువల చీరల నడుమ పెట్టుకుంట."

వారం రోజులు నేను వేరే పని ముట్టలేదు. కొత్తదాన్ని పాతగా చేయడం ఎలాగన్నదే నా ధ్యాస. పెళ్లి కార్డుల్లో మిగిలిన గోధుమరంగు అట్టలు ముక్కలు కోశాను. ఒకదాన్ని చాయ్ డికాషన్‌లో ముంచి ఎండబెడితే అప్పడంలా వంకర పోయింది. చివరికి పాతదనమంతా కంప్యూటరులోనే తేవాలని తేల్చుకున్నాను. నా కంప్యూటరులో పాత రూపం ఉన్న డిజైన్లన్నీ ఒక్క ఫోల్డరులోనే ఉన్నాయి. అందులోంచి కోడిగుడ్డు ఆకారం ఫ్రేము తీసుకున్నాను. దాని చుట్టూ ఆకుల తీగ. కింద ఇరుపక్కలా ఉన్న దీపాలు తీసేసి రెండు హాకీ కర్రలు నిలబెట్టాను. మధ్యలో మట్టిరంగు వేసిన చిన్నమ్మ మొహం, కింద పేరు, ఆట మొదలుపెట్టిన సంవత్సరం, ఒక గీత, ఆట ఆపిన సంవత్సరం.

ఎంత అందంగా వచ్చిందో చెప్పలేను. తప్పులు చూడమని ముందుగా మేడంకు ఒక్క చిన్నమ్మదే పంపాను. ఎవరికీ పంపొద్దని చెప్పాలన్న సంగతి ఆ మురిపెంలో నాకు తట్టలేదు. మేడం కూడా మురిసిపోయి, ఆ రాత్రే టీము గ్రూపులో పెట్టి కింద ఒక మాట రాసింది: "మన గోల్‌కీపర్. ఎప్పటికీ మరువం."

తెల్లారి నేను బ్రష్ చేసుకుంటుంటే మిరుదొడ్డి నుంచి మా దూరపు చుట్టం ఫోను చేసింది. "మీ నంగునూరు చిన్నమ్మ పోయిందట గదా. ఫోన్ల ఫొటో పెట్టిన్రు."

నోట్లో బ్రష్‌తోనే ఫోనులు చేయడం మొదలుపెట్టాను. చిన్నమ్మకు చేస్తే ఎత్తలేదు. చిన్నాయన ఫోను బిజీ. అమ్మను స్కూటీ ఎక్కించుకుని బయల్దేరాను. కోమటి చెరువు దాటకముందే నాకు దారి మసకబారింది. వెనక కూర్చుని మా అమ్మ, "నాకంటె చిన్నది గదనే," అని దారి పొడవునా ఏడ్చింది. ఎలా పోయిందో, ఏ ఫొటో పెట్టారో నాకు అడగాలనిపించలేదు. నా జన్మలో ప్రశ్న పుట్టకపోవడం అదే మొదటిసారి.

ఇంటి ముందు జనం. అరుగు మీద ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. ఒకాయన పూలదండ కూడా తెచ్చాడు. చిన్నాయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "లేదు, పొద్దుగాల నాకు చాయ్ ఇచ్చి గడ్డికి పోయింది, నేను సూసిన గదా," అని బతిమాలుతున్నాడు. ఎవరూ నమ్మడం లేదు. పాపం, దుఃఖంలో మతి తప్పిందని ఆయన్నే ఓదారుస్తున్నారు. ఫోనులో ఫొటో వచ్చాక మొగుడి మాట ఎవరికి కావాలి?

పక్కింటావిడ తన ఫోను నా చేతిలో పెట్టింది. చూద్దును కదా, అది నేను చేసిన కార్డే.

కోడిగుడ్డు ఫ్రేము, ఆకుల తీగ, రెండు సంవత్సరాల నడుమ గీత. అవి ఏ సంవత్సరాలో ఎవరూ చదివినట్టు లేదు. ఆ చిన్న తెర మీద నా హాకీ కర్రలు అచ్చం ఊదుబత్తుల్లా ఉన్నాయి. నేను ఏ ఫోల్డరులోంచి తీశానో అప్పుడు గుర్తొచ్చింది. ఏళ్ల తరబడి ఊరందరి దినాల కార్డులూ ఆ ఫ్రేములోనే చేశాను. చేసీ చేసీ నా కంటికి అది ఉత్త ఫ్రేము అయిపోయింది. ఊరివాళ్లకు మాత్రం కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, అదే సమయంలో చిన్నమ్మ బతికే ఉందన్న సంతోషంతో ఆ ఫోనునే గుండెకు హత్తుకున్నాను.

నోరు తెరిచి నిజం చెప్పేలోపే, కాలేజీకి పోయే ఒకమ్మాయి, కార్డు వెంట టీము గ్రూపులోంచి వచ్చిన మెసేజీలు పైకి చదవడం మొదలుపెట్టింది. కార్డు ఒకరినుంచి ఒకరికి పోతూ, ఎక్కడో కబురు మారిపోయింది. టీములోవాళ్లు కూడా నిజమనుకుని రాసినట్టున్నారు. "ఆమె గోల్‌లో ఉంటె మేము ఎనకకు తిరిగి సూడకపోతుంటిమి. బంతి పోదని ధైర్యం." "ఏలు ఇరిగినా ఆట అయిపోయేదాక చెప్పలే." మంచంలో కూర్చున్న చిన్నమ్మ అత్తగారు తల వంచి అన్నీ వింటోంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చిన్నమ్మ ఏళ్లుగా కాపాడుకున్న మాట నా చేతుల మీదుగా నట్టింట్లో పడింది.

అప్పుడు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని చిన్నమ్మ వచ్చింది. జనాన్ని చూసి వాకిట్లోనే ఆగిపోయింది.

"ఎవలు పోయిన్రు?" అని అడిగింది.

దండ తెచ్చినాయన దాన్ని వీపు వెనక పెట్టుకున్నాడు. మా అమ్మ వెళ్లి చెల్లెల్ని గడ్డిమోపుతో సహా వాటేసుకుంది. నేను ఏడుస్తూ, నవ్వుతూ, జరిగిందంతా చెప్పాను. పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందిలెమ్మని పెద్దవాళ్లు అన్నారు. చిన్నాయన గట్టిగా ఊపిరి వదిలి, "వచ్చినోల్లు చాయ్ తాగకుంట పోవద్దు," అన్నాడు. చావింట్లో అనని మాట అది. దాంతో జనం తేలికపడ్డారు.

చిన్నమ్మ మాత్రం తేలికపడలేదు. ఆ అమ్మాయి చేతిలో ఫోను చూసింది, అత్తగారిని చూసింది. చెయ్యి కొంగు కిందికి పోయింది.

"ఇటు రా," అంది ముసలమ్మ. చిన్నమ్మ వెళ్లి మంచం పక్కన నిలబడింది. "ఏలు తలుపుల పడ్డదంటిరి గదనే?"

"బాల్ తాకింది అత్తమ్మా."

ముసలమ్మ ఆ చేతిని కొంగు కింద నుంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"చలికాలమొస్తే గీ ఏలు గుంజుతున్నదని నువ్వు కాపుకుంటుంటె, నేను గా తలుపును తిట్టిన. మీ అవ్వగారింటికి వచ్చినప్పుడు దాని దిక్కు సూడబుద్ధి కాకపోయేది." తల అడ్డంగా ఊపింది. "అబద్ధం మీ అవ్వ ఆడింది. నువ్వు మోసినవ్. బరువు కాలేదానే?"

చిన్నమ్మ అందరి ముందూ ఏడ్చేసింది. నేను ఆమె ఏడవడం అంతకుముందు చూడలేదు.

ముసలమ్మ ఆ వంకర వేలిని మెల్లగా నిమిరింది.

"గా బంతి, గీ ఏలుకు తాకిన బంతి. లోపటికి పోయిందా, ఆగిందా?"

అన్ని ప్రశ్నలడిగిన నేను ఆ ఒక్కటీ అడగలేదు.

"ఆగింది అత్తమ్మా," అంది చిన్నమ్మ.

ముసలమ్మ తల తిప్పి నావైపు చూసింది. "మరి గది రాయకపోతివేందే కార్డు మీద?"