చెయ్యి పెట్టి చూడమన్న మార్తక్క

ఈ ఉదయం వికారాబాద్‌లోని నా దుకాణంలో, కొత్తగా బిగించిన ఒక కంప్యూటర్‌కు బరువైన పని అప్పగించి టీ తాగుతున్నాను. రెండు గుక్కలు పడ్డాయో లేదో లోపలి ఫ్యాను గొంతు లేచింది. మొదట సన్నని ఈల, ఆ తర్వాత రొద. ఒకప్పుడు నేను పనిచేసిన పాలిష్ యూనిట్లో బండ మీదకు చక్రం దిగేటప్పుడు వచ్చే హోరుకు అది వేలు విడిచిన తమ్ముడు. ఆ చప్పుడు వింటే అందరూ తెర మీద వేడి ఎంతుందో చూస్తారు. నా కుడి చెయ్యి మాత్రం నన్ను అడగకుండానే పెట్టెలోకి వెళ్ళి, ప్రాసెసర్ మీద కూర్చున్న కూలర్ రేకులను తాకుతుంది, పిల్లాడికి జ్వరం ఉందేమోనని నుదురు తాకినట్టు. కూలర్ అంటే ఎండాకాలంలో గడ్డి తడిపి నీళ్ళు పోసే కూలర్ అనుకునేరు. ఇది అరచేతిలో పట్టే రేకుల ముద్ద, దాని నెత్తిన చిన్న ఫ్యాను. ప్రాసెసర్ ఆలోచించి ఆలోచించి వేడెక్కితే, ఆ వేడిని లాగి బయట పారేయడం దీని ఉద్యోగం. దాన్ని తాకి చూసే ఈ అలవాటు మాత్రం నాది కాదు, మార్తక్కది. తాండూరు వదిలేటప్పుడు ఆమెను అడక్కుండా తెచ్చుకున్నాను.

మార్తక్క దుకాణం తాండూరు స్టేషన్‌కు వెళ్ళే దారిలో, ఒక కందిపప్పు గోదాముకూ ఒక టైలర్ దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉండేది. ఒక గాలికి పప్పు దుమ్ము, ఇంకో గాలికి బండల దుమ్ము. "ఈ ఊర్ల కంప్యూటర్లకు గూడ దగ్గు మందు రాయాలె అక్కా" అని నేనంటే, "ముందు బ్రష్షు పట్టుకో" అనేది. నలభై దాటిన మనిషి. మర్పల్లి దగ్గర ఒక పల్లెలో పుట్టి, ఏదో ఆఫీసులో కొన్నేళ్ళు కంప్యూటర్లు చూసి, తర్వాత సొంతంగా ఈ దుకాణం పెట్టుకుంది. విప్పిన స్క్రూలను పోకుండా చీర కొంగు చివర ముడి వేసుకునేది. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చినా ఆ ముడి అలాగే ఉండేది. ప్రార్థనలో కూడా ఎవరిదో ఒక కంప్యూటర్ ఆమెతో పాటు మోకరిల్లేదన్నమాట. ఆమెకు మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. మొదటి నాలుగు నెలల్లో నేను వేసిన జోకులన్నీ గోడకు కొట్టిన బంతుల్లా నా దగ్గరికే తిరిగి వచ్చాయి.

నా చదువు తొమ్మిదో తరగతి సగంలో ఆగింది. నేనే ఆపానని నేను చెప్పుకుంటాను, ఆ ఘనత తనదని మా లెక్కల సారు అంటాడు. ఆ తర్వాత పదేళ్ళకు పైగా పాలిష్ యూనిట్లో బండలు మెరిపించాను. ఒకరోజు యజమాని ప్రింటర్ మొండికేస్తే దాన్ని మోసుకుని మార్తక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె విప్పుతున్నంతసేపూ నా నోరు ఊరుకోలేదు. చేతులూ ఊరుకోలేదు. ఆమె అడగకముందే కావలసిన స్క్రూడ్రైవర్ అందిస్తూ వచ్చాను.

"ఏం చదివినవ్?" అంది తలెత్తకుండానే.

"తొమ్మిది అక్కా. గది గూడ సగమే. మిగతా సగం బడికి నేను నచ్చలే."

"నోటికి లేదు గని, చేతులకు బుద్ధి ఉన్నది. రేపు పొద్దున రా."

అలా ఇరవై ఆరేళ్ళకు మళ్ళీ బడిలో చేరాను. యూనిట్ యజమాని చెడ్డవాడేం కాదు. నాలుగు నెలలు చూసి కబురు పంపాడు: "కొత్త మెషిన్ వస్తున్నది మల్లేశ. ఒకటో తారీఖు లోపల వస్తే నీకే. లేకుంటే ఇంకొకన్ని పెడ్త." ఆ కబురు మింగలేక, కక్కలేక తిరుగుతున్న వారంలోనే సుజాత కంప్యూటర్ పని వచ్చింది.

సుజాతది కరణ్‌కోట. ఇళ్ళ ప్లాన్లు గీయడం నేర్చుకుంది. కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో ముందే ఫొటోలా చూపించే బొమ్మలు చేయాలని ఆమె కోరిక, దానికి గట్టి ప్రాసెసర్ కావాలి. మార్తక్క సామాన్లన్నీ తెప్పించి నా ముందు పెట్టి, "గిది నువ్వొక్కనివే బిగించు. నేను చెయ్యి పెట్ట" అంది. ఇది నిలబడితే ఇక్కడే ఉంటాను, పడితే ఒకటో తారీఖున బండల దగ్గరికి పోతాను అని లోపలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

కూతురి వెంట వచ్చిన సుజాత తల్లి వెళ్ళబోతూ నా దగ్గర ఆగింది. "కొడుకా, కొత్త వస్తువు. కవర్లు ఏం తీయకు. ఇంట్ల కొబ్బరికాయ కొట్టినంక మేమే తీసుకుంటం."

ఆ మాట బరువు నాకు తెలుసు. మా ఇళ్ళల్లో కొత్త వస్తువు మీది ప్లాస్టిక్ పొర తీయడమంటే చిన్న సంగతి కాదు. మా బావ మోటార్ సైకిల్ కొని మూడేళ్ళయినా సీటు కవరు పీలికలై గాలికి ఎగురుతుండేది, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇక పరాయి చెయ్యి తీసిందంటే ఆ వస్తువు ఇంటికి రాకముందే పాతబడినట్టు. అందుకని ప్రాణం పెట్టి బిగించాను. అద్దం మీది పొర, అంచుల మీది పొర, మెరిసే చోటల్లా ఉన్న పొర, ఒక్కటీ కదలనివ్వలేదు. సాయంత్రం తెర వెలిగింది. సుజాత తల్లి పొరలన్నీ తడిమి చూసుకుని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను.

మూడో రోజు శనివారం మధ్యాహ్నం, తల్లీకూతుళ్ళు ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చారు.

"అన్నా, బొమ్మ మొదలువెట్టంగనే ఫ్యాన్ మొత్తుకుంటది, పది నిమిషాలల్ల బంద్ అయితది" అంది సుజాత. "ఇల్లు కట్టుకునే సార్‌కు సోమవారం పొద్దున వికారాబాద్ వోయి చూపియ్యాలె. నా మొదటి పని అన్నా."

"ఫికర్ చేయకు చెల్లె. తాండూరు ఎండకు మనుషులే బంద్ అయితున్నరు, గిదెంత!" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకే నవ్వు రాలేదు.

పెట్టె తెరిచి యుద్ధం మొదలుపెట్టాను. కరెంటు అందించే డబ్బా మార్చాను. ఇంకో ఫ్యాను బిగించాను. పక్క తలుపు ఊడదీసి, దుకాణంలోని టేబుల్ ఫ్యానును కూడా దాని ముఖం మీదకు తిప్పాను. పద్నాలుగు నిమిషాలు నడిచి ఆగిపోయింది.

"నాలుగు నిమిషాలు పెరిగింది అక్కా! జర నీళ్ళు గూడ కొడదామా? బండలకు గదే చేస్తుంటిమి."

మార్తక్క కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఏది మార్చినందుకు పెరిగింది?"

డబ్బా వైపు, ఫ్యాన్ల వైపు మార్చి మార్చి చూశాను.

"మూడు ఒక్కసారే మార్చినవ్. ఇప్పుడు నీకేం తెల్సింది? అన్నీ ఎప్పటి లెక్కనే పెట్టు. ఒక్కసారికి ఒక్కటే మార్చు. రాస్కో."

పెన్ను ఆమె వైపే జరిపాను. "అక్కా, నా రాత చూస్తే కంప్యూటర్ కంటె ముందు నువ్వు బంద్ అయితవ్."

"నాకు అక్షరాలు వద్దు, వరుస కావాలె. ఏం చూసినవ్, ఏం మార్చినవ్, ఏమైంది. గంతే." నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసి నా ముందుకు తోసింది.

కరెంటు డబ్బా మార్చితే పది నిమిషాలకు బంద్. పాత డబ్బా పెట్టి ఫ్యాను ఒకటి పెంచితే పదకొండుకు బంద్. ఆ ఫ్యాను తీసి, తలుపు తెరిచి టేబుల్ ఫ్యాను తిప్పితే పన్నెండుకు బంద్. స్టూలు మీద కూర్చున్న సుజాత తల్లి ఒక్కో వరుస అయినప్పుడల్లా, "ఎంతొచ్చింది కొడుకా?" అని క్రికెట్ స్కోరు అడిగినట్టు అడుగుతోంది. వరుసకో అనుమానం రాలిపోయింది. చివరికి నా జోకులు కూడా అయిపోయాయి.

అప్పుడు మార్తక్క లేచి వచ్చింది. తెర మీద ప్రాసెసర్ వేడి తొంభై ఆరు చూపిస్తోంది.

"రేకుల మీద చెయ్యి పెట్టు."

"కాలుతది అక్కా."

"పెట్టి చెప్పు."

భయంగా తాకాను. నమ్మలేక మళ్ళీ తాకాను. "చల్లగుంది."

"లోపల తొంభై ఆరు, పైన చల్లగ. మరి వేడి ఏడికి వోతున్నది?"

ఆమె గొంతు తగ్గించింది. "నీ లెక్కనే ఉన్నది ఇది. పైన నవ్వుతవ్, లోపల ఉడుకుతవ్. ఒకటో తారీఖు సంగతి నాకు తెల్వదనుకున్నవా? తాండూరు ఎంత ఊరు మల్లేశ!"

ఇంతలో ఎవరో ప్రింటు కోసం వస్తే ఆమె ముందు బల్ల దగ్గరికి వెళ్ళింది. నేను యంత్రం ఆపి కూలర్ విప్పి తిరగేశాను. ప్రాసెసర్‌కు ఆనాల్సిన అడుగు భాగం మీద పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు. ప్రాసెసర్ వేడి రేకులకు ఎక్కాలని నేను పూసిన బూడిదరంగు పేస్టంతా ఆ పొరకే అంటుకుని ఉంది. బిగించిన రోజు ఆ అక్షరాలు నాకు కనబడ్డాయి. కొత్త వస్తువు మీద ఇంగ్లీషు ఉండటం వింతేముందని వదిలేశాను. ఇప్పుడు కూడబలుక్కుని చదివితే, వాడే ముందు తీసేయమని ఉంది. వేడికీ రేకులకూ మధ్య నేనే స్వయంగా గొడుగు పట్టాను.

పొర పీకి గుప్పిట్లో నలిపేశాను. ఎవరూ చూడలేదు. అడుగు తుడిచి, కొత్త పేస్టు పూసి, బిగించి ఆన్ చేశాను. పది నిమిషాలు దాటాయి. పదిహేను దాటాయి. వేడి అరవై దగ్గర బుద్ధిగా కూర్చుంది. పేస్టు మంచిది కాదని చెబితే సరిపోతుంది. అందుకు తగిన జోకు కూడా నాలుక మీద ఉంది.

మార్తక్క వచ్చి తెర చూసింది, తర్వాత పుస్తకం చూసింది. "నడుస్తున్నది గద. ఏం మార్చినవ్? గడి ఖాళీగున్నది."

పెన్ను పట్టుకున్నాను. 'పే' అని రాశాను. ఆ తర్వాతి అక్షరం పడలేదు. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడగలిగినవాణ్ణి, పై మూడు వరుసల నిజం కింద నాలుగోది తప్పుగా రాయలేకపోయాను. ఎడమ గుప్పిట తెరిచాను. నలిగిన పొర మెల్లగా తనంతట తానే విచ్చుకుంది.

ఆమె దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసింది. "ఎందుకు తీయలే?"

"కవర్లు తీయొద్దన్నరు అక్కా. మనం తీస్తే మర్యాద కాదని..."

ఆమె భుజాలు కదిలాయి. కోపమేమో అనుకున్నాను. నవ్వు! నాలుగు నెలల జోకులకు రాని నవ్వు, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వు. "నువ్వు మస్తు మర్యాదస్తునివి మల్లేశ. ప్రాసెసర్‌కే తెల్వదు మర్యాద."

తర్వాత సుజాత తల్లి వైపు తిరిగింది. "అమ్మా, తప్పు మా దుకాణంది. లోపల తీయాల్సిన కవరు తీయకుండ బిగించినం." నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడనైనా లేదు.

నా నోరు ఊరుకుంటుందా? "దుకాణం అంటే నేనే అమ్మా. బిగించింది నేను" అన్నాను. జోకు కలపకుండా నేను చెప్పిన మొదటి మాట బహుశా అదే.

"నేను తీయొద్దంటినని గదనే గిట్లయింది" అని ఆ తల్లి నొచ్చుకుంది.

"నువ్వు చెప్పింది పైకి కనవడే కవర్ల సంగతి. లోపలియి చూసుకునుడు మా పని" అంది మార్తక్క. ఆ పొరను తుడిచి, నాలుగో వరుస పక్కన టేపుతో అతికించి, పెన్ను మళ్ళీ నా చేతికిచ్చింది. "ఇప్పుడు నిండుగ రాయి."

పెట్టెను ఆ రోజు ఇంటికి పంపలేదు. ఆదివారం చర్చి అయ్యాక మార్తక్క దుకాణం తెరిచి, సుజాతను అక్కడే కూర్చుని బొమ్మ చేసుకోమంది. మధ్యాహ్నమంతా ఆ ఇల్లు పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా తెర మీదకు దిగింది. ఆకాశం, పిట్టగోడ, కిటికీలు, చివరికి తాండూరు బండలు పరిచిన వరండా.

"బండలు జూడున్రి, అద్దమే! పాలిష్ ఎవరు పట్టిండ్రో గని" అన్నాను. ఈసారి సుజాత పకపకా నవ్వింది.

"చెయ్యి పెట్టి చూసినవా?" అంది మార్తక్క.

"వెచ్చగుంది అక్కా."

సోమవారం సుజాత వికారాబాద్ బస్సెక్కింది. ఆ సారుకు బొమ్మ నచ్చింది, ఆయన తమ్ముడి ఇల్లు కూడా గీయమన్నాడు. ఒకటో తారీఖున నేను ఎప్పటిలాగే దుకాణం ముందు నీళ్ళు చల్లుతుంటే మార్తక్క ఇంకో కంప్యూటర్ సామాను నా బల్ల మీద పెట్టింది. కొత్త నియమం కూడా పెట్టింది. కూలర్ బిగించే ముందు ఇంటివాళ్ళను పిలవాలి, దాని అడుగు పొర వాళ్ళ చేత్తోనే తీయించాలి. ఆచారం ఆచారంగానే ఉంటుంది, ప్రాసెసర్‌కూ గాలి ఆడుతుంది.

ఆమె దగ్గర ఇంకా ఏడేళ్ళు పనిచేసి వికారాబాద్ వచ్చాను. మార్తక్క తాండూరు దుకాణం కట్టేసి, ఇప్పుడు మర్పల్లిలో రెండు గదులు తీసుకుని ఆడపిల్లలకు ఈ పని నేర్పిస్తోంది. నోటుపుస్తకం నాకిచ్చేసింది. అది నిండిపోయి, అలాంటివి ఇంకో పదకొండు నిండాయి. నా అక్షరాలు ఈనాటికీ కోడి గీకినట్టే ఉంటాయి. వరుస మాత్రం తప్పలేదు.

ఈ ఉదయం బిగించిన కంప్యూటర్ రిటైరైన ఒక లైన్‌మన్‌ది, మనవరాలి కోసం చేయించుకున్నాడు. పొర తీయమని కూలర్ చేతికిస్తే, "నేనెందుకు? మిస్త్రీవి నువ్వు గద!" అన్నాడు.

"కొత్త వస్తువు మీది పెద్దయ్యా. మొదటి కవరు మీ చెయ్యే తీయాలె."

ముసలాయన చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, చివర పట్టి లాగాడు. టర్ర్‌మని ఊడి వచ్చింది. దాన్ని పారేయడానికి మనసొప్పక జేబులో పెట్టుకున్నాడు.

ఫ్యాను రొద సర్దుకున్నాక, తెర మీది వేడిని ఫొటో తీసి మర్పల్లికి పంపాను. అరవై ఒకటి. టీ చల్లారకముందే జవాబు వచ్చింది: "చెయ్యి పెట్టి చూసినవా?"

అప్పటికే పెట్టి చూశాను. అయినా ఇంకోసారి పెట్టి, ఎడమ చేత్తో రాశాను: "వెచ్చగుంది అక్కా."