ఎండుచేపలక్క సీడీ

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఏమీ ఉండదు. ఆ రోజుల్లో నేను తెనాలి స్టేషన్ దగ్గర నెట్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. అందరూ మౌసుతో టిక్కుటిక్కుమంటుంటే, నేను నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టి ఫైళ్లు దింపేవాణ్ణి. వెనక జనం నోరెళ్లబెట్టి చూడాలని నా ఆశ. (ఎవరూ చూసేవారు కాదు. ఇంటర్ రిజల్ట్సు చూసుకుని పోయేవారు.) నన్ను నిజంగా నమ్మింది ఎండుచేపలక్క ఒక్కతే. రేపల్లె పాసింజర్లో గంపతో దిగి, సరుకు అమ్ముడయ్యాక మా దగ్గరికొచ్చేది. గల్ఫులో వంటపని చేసే ఆమె తమ్ముడు ఒక వెబ్‌సైట్లో తన మాటలు రికార్డు చేసి పెట్టేవాడు. నేను హెడ్‌ఫోన్ తగిలిస్తే, వాడు ఎదురుగా ఉన్నట్టే "ముందు నువ్వు తిన్నావా లేదా చెప్పరా?" అని అరిచేది. సెంటరంతా ఉలిక్కిపడేది.

ఆ తమ్ముడు అక్కడే గుండె ఆగి చనిపోయాడు. నెల తిరక్కుండానే ఆ సైటు మూసేస్తున్నామని నోటీసు పెట్టారు.

"తొమ్మిదిసార్లు మాట్లాడాడయ్యా అందులో. ఒక్కటి కూడా పోకుండా సీడీలో ఎక్కించు నాయనా," అంది అక్క.

"రెండు నిమిషాల పనక్కా," అన్నాను.

దింపే ఫైలుకు ఏ పేరుండాలో ఆ సైటు సర్వరే చెబుతుంది, ఫైళ్లు దింపే నా టూల్ ఆ పేరే పెడుతుంది. పాపం దానికి ముందుచూపు కూడా ఉండేది. అదే పేరుతో ఇంకోటి వస్తే చివర 1, 2 అని అంకెలు తగిలించి, రెంటినీ కాపాడేది. నాకు ఆ తోకలంటే అసహ్యం. అందుకే ఎప్పుడో ఆ ఏర్పాటు తీసేసి, పాతదాని మీదే రాసెయ్యమని చెప్పి పెట్టాను. ఆ సర్వరేమో తొమ్మిదింటికీ 'మెసేజ్' అనే ఒకే పేరు చెప్పింది. స్క్రీన్ మీద తొమ్మిదిసార్లు 'ఓకే' అని పడింది. ఫోల్డర్ తెరిచి చూడటం నామోషీ అనుకుని, అలాగే సీడీ రాసిచ్చేశాను.

తర్వాతి వారం అక్క సీడీని గంపలోనే పెట్టుకొచ్చింది. "ఒకటే పలుకుతోందయ్యా. మా పక్కింటోళ్ల ప్లేయర్ పాడైందేమో చూడు," అంది. చూశాను. ఒకదాని మీద ఒకటి రాసుకుపోయి, అందులో మిగిలింది ఒక్కటే, అన్నిటికన్నా చివర దిగినది. నా డిస్కులోనూ అంతే. సైటు అప్పటికే మూతపడింది. "ఎనిమిదీ నేనే చెరిపేశానక్కా," అని ఏడ్చాను.

అక్క గంప పక్కన పెట్టి కూర్చుంది. "తెలిసి చేశావా ఏంటి, ఊరుకో. ఆ ఉన్నదే పెట్టు," అంది. పెట్టాను. అక్క అమ్మే ఎండు మెత్తళ్లు తినాలనుందని చెబుతున్నాడు తమ్ముడు. ఎవరో పిలుస్తున్నారు, మిగతాది రేపు చెప్తానక్కా అన్నాడు. ఎప్పట్లాగే అక్క గట్టిగా, "చెప్పరా, ఇక్కడే ఉన్నా," అంది. ఆ రోజు ఎవరూ ఉలిక్కిపడలేదు.

ఇప్పుడు నా కంప్యూటర్లో మా ఆధార్ కార్డు కాపీలే పదకొండున్నాయి, చివర అంకెల తోకలతో సహా. చెరిపెయ్యమంటుంది మా ఆవిడ. ఒక్కొక్కటీ తెరిచి చూడాలి కదా అంటాను. "ఆధార్ కార్డులో ఎవరి గొంతుంటుందండీ?" అని నవ్వుతుంది. నేనూ నవ్వేసి, ఒక్కటీ చెరపను.