అమ్మ బయట పెట్టిన రాళ్లు

దెయ్యాలన్నా గాలులన్నా నాకు చిన్నప్పటినుంచీ ఒళ్లు మంట. మా పేటలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందని వేపమండలతో దిగేవారు. నేను వాళ్లను తోసుకుని వెళ్లి జ్వరం బిళ్ల మింగించేదాన్ని. ఇప్పుడు రాసేది కూడా దెయ్యం కథ కాదు. మరేమిటంటే మాత్రం నేను చెప్పలేను.

మాది శ్రీకాకుళం జిల్లా తీరాన చేపల వేట మీద బతికే కుటుంబం. ఒక తుఫానులో నాన్న వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. అప్పటినుంచి అలల చప్పుడు వింటే అమ్మకు కంటిమీద కునుకు ఉండేది కాదు. మనిషి పుల్లలా అయిపోయింది. చివరికి మావయ్య మమ్మల్ని సముద్రానికి దూరంగా నెల్లిమర్ల తీసుకొచ్చి జూట్ మిల్లు పక్కన అద్దె ఇంట్లో పెట్టాడు. ఆ మిల్లు మోత మధ్య అమ్మ తెల్లారేదాకా నిద్రపోయింది. ఆ పొద్దున నేను ఏడ్చేశాను.

2010ల మధ్యలో నేను భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తుండేదాన్ని. సాలూరు వైపు కొండల్లోని నల్లరాళ్లు నా పని. కోట్ల ఏళ్ల కిందట లావాగా పొంగి, తర్వాత భూమి లోతుల్లో ఉడికి, నలిగి, రూపమే మారిపోయిన రాళ్లు అవి. ఆ లావా సముద్రం అడుగున పొంగిందా, నేలమీద పొంగిందా అన్నది కంటికి తెలియదు. పలచగా కోసి మైక్రోస్కోపులో పెట్టినా అన్నీ ఒకేలా ఉన్నాయి. టైటానియం, జిర్కోనియం లాంటి మొండి మూలకాలు కొన్ని ఎంత ఉడికినా కదలవు. ల్యాబ్‌లో వాటి పాళ్లు తేల్చితేనే ఆ రాయి పుట్టిల్లు ఏదో తెలిసేది.

ఒకసారి కొండల నుంచి వస్తూ గుడ్డసంచుల నిండా రాళ్లు తెచ్చి ఇంట్లో దింపాను. మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ అమ్మ ముద్ద వదిలేసి లేచింది.

"ఒసే, సంద్రాన్ని ఇంట్లోకెందుకు తెచ్చినావే?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. సంచుల దగ్గర కూలబడి ఒక్కోదానికీ చెవి ఆనించింది. మూడింటిని ఈడ్చుకెళ్లి వీధిలో పెట్టింది.

"ఈటిలో మోగతన్నాది. మిగతా ఆటితో నాకు పేచీ నేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎండలో కొండలెక్కి తెచ్చిన రాళ్లు వీధిపాలా? ఈ చాదస్తం వదిలిద్దామని, ఆమె బజారుకెళ్లిన సమయంలో రాళ్లను వేరే సంచుల్లోకి మార్చి, అన్నీ కలిపేసి మంచం కిందకు తోశాను. ఏది ఏదో తెలిసేలా గుర్తులు రాళ్లమీదే ఉన్నాయి కానీ అమ్మకు చదువు రాదు. తిరిగొచ్చి గుమ్మంలోనే చెవులు మూసుకుంది. మళ్లీ ఆ మూడింటిలోని రాళ్లనే వెతికి బయట పెట్టింది.

రాళ్లొచ్చిన రోజు నుంచి మళ్లీ చెడిన ఆమె నిద్ర, అన్నిటినీ ల్యాబ్‌కు పంపేశాక కూడా కుదుటపడలేదు. ఇంటికి ఆ చప్పుడు తెచ్చింది నేనే కదా అని కుమిలిపోయాను.

కొన్నాళ్లకు ఫలితాలొచ్చాయి. రాళ్లు రెండు గుంపులుగా విడిపోయాయి. సముద్రగర్భపు లావా పోలికలున్నవి అమ్మ బయట పెట్టినవే. తక్కినవి నేలమీదివి. మా గైడు మేడం మురిసిపోయారు. నేను రాళ్ల గుర్తులను మరోసారి సరిచూసుకున్నాను.

కాకతాళీయం అనుకుందామంటే, రెండుసార్లా? బరువులో తేడా లేదు, వాసనలో తేడా లేదు. ఇన్నేళ్లయినా నాకు అంతు చిక్కలేదు.

అమ్మకు చెప్పకూడదనే అనుకున్నాను. సముద్రానికి దూరంగా వచ్చేశామన్న ధైర్యం ఒక్కటే ఆమెకు మిగిలింది. కానీ ఆమె నన్ను వదల్లేదు.

"నిజం సెప్పు. అది సంద్రమే కదేటి?"

"అవునే అమ్మా. ఎప్పటిదో. ఇప్పుడక్కడ సుక్క నీరు నేదు. మూసుకుపోయి కొండలైపోనాది."

అమ్మ నా దగ్గరగా జరిగింది.

"మరి అందులో ఉండిపోయినోళ్లు ఏటైపోనారే?"

ఆ కాలానికి మనుషులే పుట్టలేదని చెప్పవచ్చు. కానీ ఆమె అడిగింది నాన్న సంగతి. అమ్మ నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.