గ్రిట్స్‌లో నేతి గుంట

మా తాత అల్లాబకాష్‌కు అమెరికా మొత్తం తెలుసు. ఎప్పుడూ పోలేదు, పటం ఇస్తే తలకిందులుగా పట్టుకుంటాడు, అయినా తెలుసు. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో మిలిటరీ బేసు పక్కన అమెరికావాళ్ళు ఉండే కాంపౌండ్ ఒకటి ఉండేది. అక్కడి మెస్‌లో ఇరవై అయిదేళ్ళు పొద్దుటి టిఫిన్ వండిన మనిషి ఆయన.

"వెర్మాంట్ అంటే చెట్టు పాకం. టెక్సాస్ అంటే రొట్టె చించి గుడ్లలో ఏసేది. జార్జియా అంటే గ్రిట్స్," అని నాకు భూగోళం చెప్పేవాడు. ఒకసారి పరీక్షలో అదే రాసి వచ్చాను. టీచరమ్మ సున్నా చుట్టింది. తాత ఆ కాగితం చూసి, "పాపం, ఆయమ్మకు తెలీదులే," అన్నాడు.

గ్రిట్స్ అంటే తెల్ల మొక్కజొన్న రవ్వను నీళ్ళలో, పాలలో గంటసేపు కలియబెట్టి ఉడికించేది. పళ్ళెంలో పోసి, మధ్యలో గరిటెతో గుంట చేసి, వెన్న ముక్క వేస్తారు. ఇంకా బిస్కెట్లు ఉండేవి. చాయ్‌లో ముంచుకునేవి అనుకోకండి. పొరలు పొరలుగా పొంగిన మెత్తటి బన్నులు. వాటిమీద ఎద్దుమాంసం సాసేజీతో చేసిన తెల్లటి గ్రేవీ. ఇవన్నీ చేసి, యాభై మందికి పెట్టి, తాను మాత్రం అల్యూమినియం డబ్బాలో తీసుకుపోయిన చద్దన్నం, ఎర్రగడ్డ తినేవాడు. వండినదాన్ని వేలితో అంటి చూసేవాడే తప్ప నోట్లో పెట్టుకునేవాడు కాదు. ఎందుకు తాతా అంటే, "అది దొరల తిండి, మనకెందుకు?" అనేవాడు.

మేము ఆ ఊళ్ళోనే ఒక ఆసుపత్రి వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మ ఫాతిమా ఆ ఆసుపత్రిలో నర్సు. పొద్దున డ్యూటీయో రాత్రి డ్యూటీయో ఆమెకే తెలిసేది కాదు. నాయన ఎక్కడో దూరాన ఖఫ్జీలో డ్రైవరు, రెండు నెలలకు ఒకసారి కనిపించేవాడు. కాబట్టి నాకు జడ వేసేది తాతే. బిస్కెట్ పిండి మడిచినట్టు మడిచి, గట్టిగా ఒత్తి వేసేవాడు. నా జడ చూసి క్లాసులో అందరూ, "షబానా, ఎవరు వేశారే, మేస్త్రీనా?" అనేవాళ్ళు.

నాకు పన్నెండేళ్ళప్పుడు నితాకాత్ గొడవ ముదిరింది. కంపెనీలో సౌదీవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసి సర్కారు రంగు ఇస్తుంది. పచ్చరంగు అయితే పరదేశీల ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, మళ్ళీ రాసి ఇస్తారు. పసుపు అయితే పాతకాపులవి ఆపేస్తారు. మెస్ నడిపే తాత కంపెనీ పసుపులో పడింది. దానికి తోడు, అరవై దాటిన పరదేశిని ఇద్దరి కింద లెక్క కడతారంట అని ఆఫీసువాడు చెప్పాడు. తాత అసలు వయసు ఎవరికీ తెలియదు. రాయచోటిలో పాస్‌పోర్టు ఏజెంటు తోచిన సంవత్సరం రాసేశాడు, ఆ సంవత్సరం ఇప్పుడు అరవైకి వచ్చింది.

ఆ మధ్యాహ్నం నేను తాత ముందు రెండు కంచాలు పెట్టాను.

"రెండోది ఎవురికే?"

"రెండో తాతకు."

"నీ నోట్లో మన్నుబడ! ఆ రెండోవాడే కదమ్మే నన్ను ఊరికి తోలేదానికి చూస్తాండేది," అన్నాడు. నవ్వాడు గాని, అన్నం సగంలో వదిలేశాడు. తాత పోతే నన్ను చూసుకునేవాళ్ళు లేరు. ఆయన వెనకే నేనూ పోవాల్సిందే. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు.

ఒక్క దారి ఉంది. ఒక సౌదీవాడు మెస్‌లో చేరి పదమూడు వారాలు పనిలో నిలిస్తే కంపెనీ పచ్చ అవుతుంది. మొదట వచ్చిన ఇద్దరు తెల్లవారుజామున నాలుగున్నరకు రావాలనేసరికి వారం తిరక్కుండా పోయారు. మూడోవాడు అబూ నాసర్. బేసులో సుబేదారులాంటి ఉద్యోగం చేసి రిటైరైనవాడు, నలభై అయిదేళ్ళు, పెద్ద పొట్ట, ఏడుగురు పిల్లలు. ఆయనకు వంటంటే నిజంగానే ఇష్టం. వచ్చిన చిక్కంతా అదే.

మెస్‌లో గిన్నెలు కడిగే బాషా మామది కడప. అక్కడ జరిగింది నాకు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. "మీ తాత గురువో, ఆయన గురువో తెలీడంల్యా షబానా. పాన్‌కేక్ మాడిస్తే మీ తాతే 'భలే ఉండాది' అంటాడు. కొత్తల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటాండాడు."

అట్లా పది వారాలు గడిచాయి. పదకొండో వారంలో అబూ నాసర్ గ్రిట్స్ పళ్ళాలు సర్దుతూ, జార్జియా నుంచి వచ్చిన జేమ్స్ దొర పళ్ళెంలో వెన్నకు బదులు ఇంటినుంచి తెచ్చిన నెయ్యి, తేనె పోశాడు. జేమ్స్‌కు గ్రిట్స్‌లో తీపి అంటే చెప్పరాని కోపం. తాతకు ఇరవై రెండేళ్ళ క్రమశిక్షణ ఒక్కసారిగా నెత్తికెక్కింది. అబూ నాసర్ చేతిలోంచి పళ్ళెం గుంజి చెత్తడబ్బాలో కుమ్మరించాడు.

వంటింట్లో అందరూ బిగుసుకుపోయారట. అక్కడ కిందపడిన రొట్టెముక్కను కూడా తీసి గోడమీద పెడతారు. అబూ నాసర్ ఏప్రాన్ విప్పి, మడతపెట్టి, బల్లమీద ఉంచి వెళ్ళిపోయాడు.

తాత ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అన్నం పారేసినానమ్మే," అన్నాడు. ఇకామా మాట ఎత్తలేదు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక లేచి, "నువ్వు నాతో రా. నాది వంటింటి అరబీ. ఉప్పు తే, మంట తగ్గించు, అంతకుమించి రాదు," అన్నాడు.

అబూ నాసర్ ఇల్లు ఊరి చివర కొండవాలులో ఉంది. ఆయన తల్లి తలుపు తీసింది. పసుపు తలగుడ్డ, అందులో దోపుకున్న వాసనాకు రెమ్మ. మమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. అబూ నాసర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు, కళ్ళు మాత్రం గోడమీద.

"చెప్పమ్మే, పళ్ళెం పారేసింది నా తప్పు. కాని అడక్కుండా తేనె పోసింది ఆయప్ప తప్పు. అది గూడా చెప్పు."

నేను అరబీలో చెప్పాను: "పళ్ళెం పారేసింది మా తాత తప్పు. మీ తేనె చాలా మంచిదట."

"రెండోది చెప్పినావా?"

"చెప్పినా."

"అంత చిన్నగా ఉండాదే?"

"అరబీలో చిన్నదే తాతా."

అబూ నాసర్ మెత్తబడలేదు. "తిండిని చెత్తలో వేసే మనిషి దగ్గర నేనేం నేర్చుకోను?" అన్నాడు. ఇది మాత్రం ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. తాత తలదించుకున్నాడు.

అప్పుడు ఆ ముసలమ్మ లోపలినుంచి ఒక పెద్ద పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. "ముందు తినండి," అంది. గోధుమపిండి ఉడికించిన ముద్ద, పేరు అసీదా. మధ్యలో గుంట, గుంటనిండా నెయ్యి, చుట్టూ తేనె. తాత ఒక ముద్ద తీసుకుని నేతిలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు.

"ఏంది తాతా, ఉప్పు తక్కువా?"

ఆయన నావైపు చూడలేదు. "మా అమ్మ సంగటిముద్దలో ఇట్లనే బొటనేలితో గుంటబెట్టి నెయ్యి పోసేది. ఇరవై రెండేండ్లు ఆ గ్రిట్స్‌లో గుంట నేనే పెడతాండా. ఒక్కనాడూ తట్టలా."

ఈసారి ఒక్క మాట కూడా మింగకుండా చెప్పాను. అబూ నాసర్ గోడమీదినుంచి చూపు తిప్పాడు.

"ఆ గ్రిట్స్ నువ్వెప్పుడైనా తిన్నావా?"

"లేదు."

"రుచి చూడకుండానే నాకు పది వారాలు పాఠం చెప్పావా?" అన్నాడు. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అబూ నాసర్ నవ్వలేదు. రేపు వస్తాననీ చెప్పలేదు. ముద్ద తీసి నేతిలో అద్ది తాత వైపు పెట్టాడు, అంతే.

మర్నాటి సంగతి బాషా మామ చెప్పాడు. నాలుగున్నర అయింది, అయిదు అయింది, మనిషి రాలేదు. తాత తలుపువైపు చూస్తూ గ్రిట్స్ అడుగంటించుకున్నాడట. ఆరు గంటలకు అబూ నాసర్ సీసాడు నెయ్యి చంకలో పెట్టుకుని వచ్చాడు. ఏప్రాన్ కట్టుకుని, కుండలోంచి గరిటెడు తీసి తాత మూతి ముందు పట్టాడు.

"తిను. తర్వాత నేర్పు."

తాత తిన్నాడు. ముఖం పాలిపోయింది.

"ఉప్పు లేదు!"

ఇరవై రెండేళ్ళుగా లేదు. ఆ పొద్దున జేమ్స్ దొరను అడిగితే, ఆయన బల్లమీది ఉప్పుడబ్బా చూపించి, "రోజూ నేనే వేసుకుంటున్నాను. మాకు బీపీ రాకుండా డాక్టరు చెప్పాడేమో అనుకున్నాను," అన్నాడట. ఆరోజునుంచి జేమ్స్ పళ్ళెంలో వెన్న, ఉప్పు, పక్కన చిన్న గిన్నెలో నెయ్యి, తేనె వెళ్ళేవి. జేమ్స్ ఆ గిన్నె ముట్టలేదు. మిగతా బల్లలవాళ్ళు మాత్రం అడిగి మరీ పోయించుకున్నారు.

పదమూడు వారాలు నిండాయి. కంపెనీ పచ్చ అయింది. తాత కొత్త ఇకామా తెచ్చి, నా జడలో పువ్వులాగా గుచ్చి, "ఇంగ ఎవురూ తోలలేరు పో," అన్నాడు.

మూడేళ్ళ తర్వాత సర్కారు, పరదేశీల ఇళ్ళల్లో ఆధారపడి ఉన్న ఒక్కొక్క తలకూ రుసుము పెట్టింది. ఏటేటా పెరుగుతుందన్నారు. అమ్మ నన్ను ఊరికి పంపక తప్పలేదు, నా చదువు మధ్యలో తెగింది. తాత ఇకామాకు ఇంకా ఏడు నెలలుంది. ఆయన ఆఫీసుకు పోయి ఎగ్జిట్, అంటే దేశం వదిలిపోయే కాగితం, రాయించుకుని వచ్చాడు.

"అంత కష్టపడి తెచ్చుకున్నావు కదా తాతా!" అన్నాను.

"తెచ్చుకునింది ఎందుకే, నీ జడ ఏసేదానికే కదా?" అన్నాడు.

ఇప్పుడు రాయచోటిలో కూడా అప్పుడప్పుడూ గ్రిట్స్ చేస్తాడు, మన మొక్కజొన్న రవ్వతో. ఉప్పు ఇప్పుడు ఎక్కువే వేస్తున్నాడు, ఇరవై రెండేళ్ళ బాకీ తీర్చినట్టు. నేను బెల్లం కావాలంటాను. "జేమ్స్ దొర చూస్తే గుండె ఆగి చస్తాడు," అని తిడతాడు. తిడుతూనే నా కంచం దగ్గరికి జరుపుకుని, బొటనవేలితో గుంట పెడతాడు.