నాలుగో గదిలో అమ్మ పుట్టిల్లు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. పెట్టెలకి బెర్తులు, కిటికీ చట్రాలు బిగించేవాడు. నాకు పదకొండేళ్ళప్పుడు, ఒక ఆదివారం, నన్ను ఒక ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ బంగళాకి తీసుకెళ్ళాడు. ఆవిడ భర్త రైలు డ్రైవరుగా చేసి పోయాడు. పిల్లలు లేరు. ఒక బొమ్మరిల్లు ఉంది. అందులో అగ్గిపుల్లంత కుర్చీ కాలు విరిగింది. నాన్న వేళ్ళు లావు, అందుకని నేను.

ఆ బొమ్మరిల్లు నా నడుమెత్తు ఉండేది. నాలుగు గదులు. మూడింటిని ఆవిడ మూడు కాలాల ఇంగ్లండు ఇళ్ళలా అలంకరించింది. ఒకటి వాళ్ళ అమ్మమ్మ కాలంది. ముదురెరుపు మఖమల్ తెరలు, గోడలకి పెద్ద పూల కాగితం, అడుగు పెట్టడానికి సందు లేకుండా బల్లలు. రెండోది ఇంకో వందేళ్ళ వెనకటిది, లేతాకుపచ్చ గోడలు, సన్నకాళ్ళ కుర్చీలు. మూడోది మరీ పాతది, గోడలన్నీ నల్లచెక్క, కొవ్వొత్తులే దీపాలు. అట్టలూడిన బొమ్మల పుస్తకం చూసి చేసిందంతా.

"మీ ఊళ్ళో ఇళ్ళు ఇలాగే ఉంటాయా?" అని నా వచ్చీరాని హిందీలో అడిగాను.

"నేను పుట్టింది ఇక్కడే పిల్లా. అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదు," అంది.

చూడని ఇంటి మీద అంత బెంగ ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. కానీ ప్రతి శనివారం బడి నుంచి అటే వెళ్ళేదాన్ని. పూసలు గుచ్చి దీపాల గుత్తి చేశాను. గుడ్డపీలికలతో తివాచీలు కుట్టాను.

ఒక రోజు ఆవిడ ఖాళీ గది చూపించి, "ఇది నీది. మీ వాళ్ళ పాతకాలపు ఇల్లు చెయ్యి," అంది.

నాకు తెలిసిన ఇల్లు రెండు గదుల క్వార్టరు ఒక్కటే. వెళ్ళి అమ్మని అడిగాను.

"ఇప్పుడవన్నీ ఎందుకే నీకు?" అని కసిరింది అమ్మ. శ్రీకాకుళం వైపు వాళ్ళ పుట్టింటిని, తాత పోయాక, మామయ్యలు పంచుకుని పడగొట్టేశారు. నేను అప్పుడు కడుపులో ఉన్నాను, అమ్మ వెళ్ళలేకపోయింది. ఆ ఇంటి మాట అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు.

పై శనివారం అమ్మే చీర మార్చుకుని నా వెంట బయల్దేరింది. బొమ్మరింటి ముందు నేల మీద కూర్చుని, మూడు గదుల్నీ చాలాసేపు చూసింది.

"మద్దిన మండువా ఉండాల. పైన ఆకాశమే. కప్పు తీసెయ్యమని మీ నాన్నకి సెప్పు."

నాన్న కప్పు కోసిపెట్టాడు. పెరట్లో ఎర్రమట్టి జల్లించి గోడల కింది అంచున పట్టీలా పూశాం, పైన సున్నం. తెగిన గొలుసుతో ఉయ్యాలబల్ల కట్టాను.

"అటు కాదే. మా నాన్న కూసుంటే ఈదిగుమ్మం కనిపించాల," అంటూ అమ్మే తిప్పి పెట్టింది. చిటికెనవేలితో ఒక్కసారి ఊపింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ఉక్కపోతగా ఉందంది.

మరుసటేడు టీచరమ్మని ఆవిడ తమ్ముడు ఇంగ్లండు రమ్మని రాశాడు. సామానంతా అమ్మేసింది, బొమ్మరిల్లు తప్ప. బయల్దేరేముందు నాన్నని పిలిచి, "ఆ గది ఊడదీసి మీ ఆవిడకి ఇవ్వండి," అంది. మా క్వార్టర్లో దాన్ని ఎక్కడ పెట్టాలో నేను అప్పుడే అనుకున్నాను. నాన్న ఉలి పట్టుకుని కూర్చున్నాడు.

అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. మళ్ళీ పడగొట్టడమేటి? ఉన్నకాడ ఉండనియ్."

గోనెపట్టా చుట్టిన బొమ్మరిల్లు రైలు గార్డు పెట్టెలోకి ఎక్కుతుంటే నేను వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. బండి కదిలేదాకా టీచరమ్మ చెయ్యి వదల్లేదు.

ఆర్నెల్లకి ఉత్తరం వచ్చింది. నేనే చదివి చెప్పాను. అక్కడ వానలట. తమ్ముడి ఇంట్లో ఒక చిన్న గదిట. పుస్తకంలో ఉన్న ఇళ్ళలాంటివి ఇంతవరకూ కనిపించలేదట.

అమ్మ రెండుసార్లు చదివించుకుంది.

"పాపం, ఆవిడకి ఖరగ్‌పూర్ మీద బెంగెట్టుకున్నట్టున్నాది," అంది. "కాయితం తే. ఎండలు మొదలైనాయని రాయి. వర్క్‌షాపు సైరన్ ఏళకే కూస్తన్నాదని రాయి."