చెయ్యెత్తినవాణ్ణి చూసి నవ్వడం

మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ పేలి వెన్న వాసన హాలంతా కమ్ముకుందంటే ఈ పరాయిదేశంలో, మా ట్రాయ్ ఊళ్ళో శనివారం సాయంత్రమైనట్టే. కారు కంపెనీల లేఆఫ్‌ల భయంతో వారమంతా మాటామంతీ లేని ఇంట్లో నేనూ నా మనవరాలు నిత్యా పాత ఇంగ్లండు కామెడీల ముందు చేరతాం. మొన్న ఒక దుకాణం యజమాని పనివాణ్ణి కొట్టబోయి తానే పిండిబస్తాలో కూలబడ్డాడు. ఇన్నేళ్ళయినా అవి ఎందుకు నవ్విస్తాయని పెద్ద చదువులవాళ్ళు ఏవేవో రాస్తారు. నాకు తెలిసిందొక్కటే: అక్కడ జనం చెయ్యెత్తినవాణ్ణి చూసి నవ్వుతారు. మా బళ్ళో దెబ్బ తిన్నవాణ్ణి చూసి నవ్వేవారు.

దసరాకి రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు మా చేతికిచ్చి, ఇంటింటా పాడించి, పప్పుబెల్లాలు పెట్టించిన మాస్టారే, సెలవులవగానే, తడిసిన సున్నం వాసనా బలపం పొడీ నిండిన ఆ గదిలో, లెక్క తప్పినవాడి ముక్కు ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో చెంప వాయించే పని లెక్క చెప్పినవాడికి అప్పగించేవాడు. మెల్లగా కొట్టినవాడికి, ఎలా కొట్టాలో వాడి చెంప మీదే చూపించేవాడు. తమ వంతు రానందుకు మిగతావాళ్ళంతా పగలబడి నవ్వేవారు.

ఒకనాడు లెక్క తప్పింది మా అన్న; పరీక్ష పోయి నా తరగతిలోనే ఉండేవాడు. చెప్పింది నేను.

“అన్నైతే ఏవిట్రా? కొట్టు,” అన్నాడు మాస్టారు.

“కొట్టెయ్‌రా, నాకేం నొప్పెట్టదులే. లేపోతే నిన్ను బళ్ళోంచి గెంటేస్తాడు,” అన్నాడు అన్న గొంతు తగ్గించి.

చేతులు వెనక్కి కట్టుకున్నాను. చింతబరికె పిక్కల మీద, వీపు మీద, ఆఖరికి మొహం మీద పడింది. పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీదికి కారుతున్నా తరగతి నవ్వుతూనే ఉంది. అన్న ఆ బరికె లాక్కుని మాస్టారి భుజమ్మీద ఒక్కటేశాడు. అప్పుడు మాత్రం ఒక్కడూ నవ్వలేదు. సాయంత్రానికి ఇద్దరి పేర్లూ తీసేశారు. ఆ తరవాత నేను చదివిందంతా కొట్లో పనికి కుదిరి, పొట్లాల కాగితాలు విప్పి చదివిందే, ఎవడో పెట్టిన భిక్ష కాదు.

“తాతయ్యా, దెన్ ఆ టీచర్ ఫైర్ అయ్యాడా?” అంది ఇదంతా విన్న నిత్య.

“లేదమ్మా. హెడ్మాస్టరయ్యాడు.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఆ బడి పోయింది, ఆ విల్లంబుల ఊరేగింపు పోయింది, అన్నా పోయాడు. పోయేదాకా “నా మూలాన నీ చదువు పాడైందిరా” అంటూనే ఉన్నాడు. ఆ మాట అనాల్సినవాడు అన్న కాదు.