సాల్మన్ గారు తుడిచిన బొట్లు

మొన్న రావులపాలెం జంక్షన్లో అరటిగెలల లారీ ఒకటి మా బస్సు పక్కన ఆగింది. కాలిన బ్రేకుల వాసన కిటికీలోంచి గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం మా వీధి సాల్మన్ గారు గుర్తొచ్చారు. బస్సు డిపోలో బ్రేకుల పని చేసి రిటైరైన మనిషి. పోయి ఏడాది దాటింది.

ఆయన బతికున్న రోజుల్లో, నేను విలేఖరి ఉద్యోగం నుంచి కొత్తగా రిటైరయ్యాను. ఖాళీగా కూర్చోలేక ఫోన్లో వీడియోలు చూసి, కారు ముందు చక్రాలకు కొత్త బ్రేకు డిస్కులు, ప్యాడ్లు ఇంట్లోనే బిగించాను. మర్నాడు మా అమ్మాయిని, మనవరాలిని ఎక్కించుకుని అన్నవరం వ్రతానికి వెళ్లాలి. ఎందుకైనా మంచిదని సాయంత్రం ఒక్కణ్ణే కాలవ గట్టు మీదికి తీశాను. గట్టు దిగే చోట పెడలు తొక్కితే కాలి కింద గట్టిగానే తగిలింది. బండి మాత్రం ఆగలేదు. రెండు కాళ్లతో తొక్కాను. జారుతూ వెళ్లి, కాయలు ఒలిచి పోసిన కొబ్బరిడొక్కల కుప్పలో దూరి నిలిచింది. దిగి చూస్తే, కుప్పకు అవతల రేవులో ఇద్దరు ఆడవాళ్లు బట్టలుతుకుతున్నారు. వాళ్లు తలెత్తి నన్ను చూశారు.

కబురందుకుని సాల్మన్ గారు సైకిలు మీద వచ్చారు. హ్యాండ్ బ్రేకు మీద కారును మెల్లగా ఇంటికి చేర్చాం. ఆయిల్లో గాలి చేరిందేమో అన్నాను. గాలి చేరితే పెడలు మెత్తబడుతుందని, గట్టిగా ఉండి కూడా బండి ఆగలేదంటే ప్యాడ్లు డిస్కును పట్టే చోటే తేడా అని ఆయన చెప్పారు. చేసిందంతా చెప్పమన్నారు. జాకీ ఎత్తిన దగ్గర్నుంచి చివరి బోల్టు దాకా వరుస తప్పకుండా చెప్పాను.

"పనంతా చెప్పారండి. పని కింద లెక్కెయ్యనిది ఇంకేమన్నా ఉందా?"

"ఏం లేదండి."

ఆయన చక్రం విప్పారు. డిస్కు అంచున ఎర్రటి మరక. గోటితో గీకి వాసన చూశారు.

"ఇదేంటండి?"

"కుంకుమండి. కొత్త ఇనుము కదా అని బొట్టు పెట్టాను." గొంతు తగ్గించి మిగతాది కూడా చెప్పాను. "నిలవాలని కొబ్బరినూనెలో కలిపానండి."

ఆయన నవ్వలేదు. డిస్కు కడిగితే పనికొస్తుందని, నూనె తాగిన ప్యాడ్లు మాత్రం పారెయ్యాల్సిందేనని అన్నారు. నేను సిగ్గుతో నిలబడిపోయాను. నన్ను తేలికపరచాలనేమో, డిపోలో ఇది మామూలేనన్నారు. దసరాకి, బస్సు బ్రేకుల్లో ప్యాడ్లలా పనిచేసే కొత్త లైనింగుల మీద కూడా నీళ్లతో తడిపిన కుంకుమ బొట్లు పెట్టేవారట.

"మర్నాడు డ్యూటీకి గంట ముందు వెళ్లి అన్నీ తుడిచేవాణ్ణండి. ఉన్నన్నాళ్లూ."

"పెట్టొద్దని చెప్పాల్సింది కదండీ."

"నేను చర్చికెళ్లే మనిషిని. నేను చెబితే మాట వేరేలా వెళ్తుందండి."

ఆ డిపోలో ఆయుధపూజ వార్త ఏటా రాసింది నేనే. పూలదండలు వేసిన బస్సులు, గుమ్మడికాయలు, హారతి పట్టిన మేనేజరు గారు, అన్నీ ఫోటోలతో సహా వేశాను. మర్నాడు ఆ బస్సుల్లో ఊళ్లకు ఊళ్లు ఎక్కేవి. అవి సరిగా ఆగడానికి చీకటితో లేచి వెళ్లిన మనిషి మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉన్నారు. ఒక్కసారైనా ఆయన్ను ఏమీ అడగలేదు.

అన్నవరం బస్సులోనే వెళ్లాం. కొండ దిగేటప్పుడు డ్రైవరు బ్రేకు తొక్కిన ప్రతి మలుపులోనూ మనవరాల్ని గట్టిగా పట్టుకున్నాను. నొప్పిగా ఉంది తాతయ్యా అంది.

ఇప్పటికీ అప్పుడప్పుడు పత్రికకు రాస్తుంటాను. ఏ ఉత్సవం గురించి రాయాలన్నా, మర్నాడు తెల్లవారకముందే మరోసారి వెళ్తాను. ఎవరో ఒకరు ఒంటరిగా పని చేసుకుంటూ కనిపిస్తారు. ముందు వాళ్ల పేరు అడుగుతాను.